తరుగు

పత్తికొండ టమోటా మార్కెట్లో
మూడు గంటలకే తెల్లవారుతాది.
మా మండీలో కాటా నాది, తరుగు రాసే పెన్నూ నాదే.
ఇరవై ఐదు కిలోల గంపకు మూడు కిలోలు.
పన్నెండు శాతం. ఇది నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు.
రైతు నా పెన్నునే చూస్తుంటాడు,
నేను రైతు మొహం చూడను.

పదికి లోడు లేచిపోయినాక
షెడ్డు వెనక ఖాళీ గంపలు బోర్లించుకోని
మద్దిలేటీ నేనూ క్యాట్‌కు చదివేవాళ్ళం.
ఇరవై రెండు ప్రశ్నలు, నలభై నిమిషాలు,
లెక్కలేనన్ని ఈగలు.

మొదటి మాక్‌ టెస్టులో ఒక్కటీ వదల్లేదు.
కంచంలో మెతుకు మిగిలితే వీపు మోగే ఇంట్లో పుట్టి
ప్రశ్నను ఎట్ల వదిలేది?
అన్నిట్లో చెయ్యి పెట్టినా.
మైనస్‌లు కోసుకోంగా చేతికొచ్చింది పదకొండు.
మద్దిలేటి పడీపడీ నవ్వినాడు:
"ఒరే గిడ్డయ్యా, నీకే తరుగు తీసినార్రా!"

బెంగళూరు నుంచి తిరిగొచ్చే బాక్సుల అడుగున
ఇంగ్లీషు పేపర్లుంటాయి, రసం తాగి, ఉబ్బి.
రోజుకొక సంపాదకీయం, మరక మొదలయ్యేదాకా.
చినిగిపోయిన చోట
రాసినాయన ఏమనబోయినాడో
నేనే అనుకునేవాణ్ణి.
పరీక్ష అడిగేదీ అదేనని చాన్నాళ్ళకు తెలిసింది.

ఒకనాడు ఉరుకుందమ్మత్త పక్కన కూచున్నా.
ఏరే కూలి ఆమెది, ఇరవై ఏండ్ల నుంచి.
కాయను ముట్టకముందే ఆమె చేతులకు తెలుస్తాది:
పచ్చిది బెంగళూరుకు, దోరది కర్నూలుకు,
పండింది ఊర్లోకి,
పగిలింది వెనక్కి, తిరిగి చూడకుండా.
"మంచికాయ ఎట్ల కనుక్కుంటావత్తా?"
"మంచిది ఎవురికైనా కనపడతాది నాయనా.
చెడినదాన్ని చేతిలో పట్టుకోని తిప్పితిప్పి చూస్తావే,
పొద్దు ఆడ పోతాది" అనింది.
అంటానే నాలుగు విసిరేసింది.

ఆ రాత్రి మండీ పాత చిట్టా ఒకటి తెచ్చుకోని
తప్పులకు ఖాతా తెరిచినా.
రైతు పేరు రాసే గడిలో తప్పు పేరు.
తొందర. సగం చదివి గురి పెట్టడం.
వస్తాదనుకున్న నిష్పత్తి.
మొండితనం: ఒక్క ప్రశ్న మీద తొమ్మిది నిమిషాలు.
నెల తిరిగేసరికి
అందరికంటే పెద్ద బాకీదారు మొండితనమే.
టెస్టు రెండు గంటలైతే
దాన్ని విప్పి చూసుకోను నాలుగు గంటలు.
మద్దిలేటికి విసుగొచ్చి ఆగస్టులో మానుకున్నాడు.
ఇప్పుడు డోన్ దాకా బొలెరో తోలుతాడు.
వాని లెక్క వానికి కుదిరింది, నేనేమీ అనను.

సెప్టెంబర్లో కిలో రూపాయికి దిగింది.
గుత్తి రోడ్డంతా ఎర్రగా పారబోసిపోయినారు.
ఆ పొద్దు మాక్‌లో ఒక పట్టిక వచ్చింది,
నాలుగు ఊర్లు, మూడు నెలలు, కూరగాయల ధరలు.
"ఏ ఊర్లో నష్టం తక్కువ?"
రెండు నిమిషాల్లో కరెక్టు పెట్టినా.
బయట ఇంకా చక్రాల కింద చిట్లుతానే ఉన్నాయి.

కర్నూల్లో, నంద్యాల చెక్‌పోస్టు దాటినాక సెంటరు.
గేటు కాడ చేతికున్న ఈరన్న దారం కూడా విప్పించినారు.
లోపల ఏసీ. ఈగ అనేది లేదు.
అలవాటు లేక కాసేపు చెయ్యి ఆడలేదు.
తర్వాత పచ్చి, దోర, పండు.
లెక్కల్లో ఎనిమిది వదిలేసినా.
ఒకటైతే వచ్చేటట్టే ఉండె,
ఇంకో నిమిషం ఉంటే లొంగేదే.
దాన్ని దాటిపోయేటప్పుడు
కంచంలో మెతుకు వదిలినట్టే అనిపించింది.

మరుసటి రోజు మూడు గంటలకు
మళ్ళీ కాటా.
చక్రాళ్ళ నుంచి వచ్చిన పెద్దాయన గంప ఎక్కించినాడు.
ఇరవై ఐదు.
గడిలో మూడు రాయాల, సావుకారి మాట అది.
పెన్ను ఎత్తి పట్టుకోనే ఉన్నా.
ఆయన మొహం చూసినా.
ఎడమ కంటి కింద మట్టి, తుడుచుకోలేదు.
రెండని రాసినా.
తెలిస్తే నా కూలీలో పట్టుకుంటాడు సావుకారి.
పట్టుకోనీ.
"ఎన్నొస్తాయప్పా నీకు?" అనడిగినాడాయన,
పరీక్ష సంగతి ఎవరు చెప్పినారో.
"తెలీదు పెద్దాయనా,
ఇంకా కాటా మీదే ఉండాయి" అన్నా.